వాసన ఆగిన స్నానాల గది

కలకత్తా సాల్ట్ లేక్‌లోని ఒక ప్రయోగశాలలో నా పని లెక్కలు కట్టడం. పెద్ద చదువు లేదు. ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలతో సొంతంగా నేర్చుకున్నాను. పాదరసం పూసిన సన్నని బంగారు తీగను వేడినీటి బుగ్గలో ముంచి విద్యుత్ పంపితే, నీళ్లలో గంధకం ఎంతుందో తీగకు తగిలించిన పెట్టెలోని పెన్ను కాగితం మీద కొండలా గీస్తుంది. కొండ ఎంత ఎత్తుగా ఉంటే గంధకం అంత ఎక్కువ. ఆ ఎత్తును అంకెగా మార్చడం నా వంతు.

ఒక చలికాలం మా సారు, నేను కలకత్తాకి ఒక పూట రైలు దూరంలో ఉన్న బుగ్గకు బయలుదేరితే మా మావయ్య వెంటపడ్డాడు. ఖిదిర్‌పూర్ ఓడరేవులో బస్తాలు మోసిన ఆయన వీపంతా దురద పుండ్లు. గంధకపు నీళ్లలో ఒక్కసారి మునగాలని ఏళ్ల నాటి కోరిక.

బుగ్గ నీళ్లకు తొట్టి, దాని చుట్టూ ఇటుకల గది కట్టారు. చలిగాలి రాకుండా కిటికీల్లో గోనెసంచులు కుక్కారు. మేం తీగను తొట్టిలోకి దించి, పెట్టెను వరండాలో పెట్టుకున్నాం. మావయ్య తువ్వాలు చుట్టుకుని నీళ్లలోకి దిగాడు.

“ఏటల్లుడూ ఈ కంపు! కోడిగుడ్లు కుళ్లబెట్టి పోసీసినారేటి?” లోపలినుంచి కేక.

అక్కడి బెంగాలీ కాపలాదారు నవ్వాడు. “ఓర్చుకోమనండి దాదా. వాసన ఆగితే నీళ్లు మనిషిని ఒప్పుకున్నట్టు. అప్పటిదాకా ఎవరినీ లేవనివ్వం.” అంటూనే తూము తలుపు ఎత్తి తొట్టిలోకి కొత్త నీళ్లు వదిలాడు.

కాసేపటికి మావయ్య గొంతు మెత్తబడింది. “కంపు పోనాదిరా. మత్తుగా, హాయిగా ఉన్నాది.”

అలవాటుగా కాగితం వంక చూశాను. వాసన పోతే కొండ తగ్గాలి. తగ్గలేదు, పెరిగింది. నమ్మలేక మళ్లీ గీయించాను. ఇంకా పెరిగింది.

ఈ నీళ్లలోంచి లేచే గంధకపు వాయువు ఎక్కువైతే ముందు ముక్కు చచ్చుబడుతుందనీ, ఆ తర్వాత మనిషి కూలిపోతాడనీ ఎప్పుడో చదివాను. చదివినప్పుడు అదొక వాక్యం, అంతే.

“మావయ్యా, లేవండి!”



సారు బయటినుంచి గోనెసంచులు పీకేశారు. నేను ఊపిరి బిగబట్టి లోపలికి దూకాను. ఆయన గడ్డం నీళ్లకు ఆనుకుని ఉంది. ఎలా ఈడ్చుకొచ్చానో గుర్తులేదు. వరండాలో వాంతి చేసుకుని, ఎర్రబడ్డ కళ్లు తెరిచి తిట్టాడు: “నా పరువు తీసినావురా! గుడ్డ కూడా సరిగ్గా నేదు, నలుగురి ముందరా పడీసినావు!”

ఆ తిట్లకు నాకు ఏడుపొచ్చింది.

కాపలాదారు ఏమాత్రం కంగారుపడలేదు. “ఇందులో ఏముంది దాదా? చాలామంది ఇలాగే మత్తుగా ఉంటారు. లేవలేనివాళ్లను మేమే మోసుకొస్తాం. నీళ్లు మంచి గుణం చూపిస్తున్నట్టే.”

అప్పటికే ఒక తల్లి ఇద్దరు కూతుళ్లతో తువ్వాళ్లు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. నేను కాగితం చూపించి, నా వచ్చీరాని బెంగాలీలో ఆమెకు చెప్పబోయాను. కాపలాదారు దాన్ని తిరగేసి చూసి, “గీతలు చూసి స్నానం మానుకుంటారా ఎవరైనా?” అని ఆమెను లోపలికి రమ్మన్నాడు. సారు గట్టిగా అరిచినా లెక్కచేయలేదు.

మావయ్యకు మేం దేనికి అరుస్తున్నామో అప్పటికి తెలిసొచ్చినట్టుంది. గోడ పట్టుకుని లేచాడు. తూలుతూ వెళ్లి, తడి తువ్వాలుతోనే గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు.

“ఏటి సూస్తన్నావు? సెప్పు ఆడికి,” అన్నాడు నాతో, “నన్ను తొక్కీసి ఎల్లమను.”