ఎండిన పడవ బేరం

ఆ రోజు నేను చేసిన తప్పు తెలియక చేసింది కాదు. తెలియనితనం కొంత ఉంది కానీ, తెలిసి చేసిందే ఎక్కువ.

నాది ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల వ్యాపారం. యాభై ఐదేళ్లు దాటాక తెరచాప పడవ ఒకటి కొనాలన్న కోరిక పట్టుకుంది. పని మీద నందికొట్కూరు వైపు పోయినప్పుడల్లా కృష్ణా వెనుకజలాల మీద చేపలు పట్టేవాళ్ల పడవలు చూసేవాణ్ణి. గాలికి తెరచాప ఉబ్బి, చప్పుడు లేకుండా సాగిపోయేవి. రాళ్లు కోసే మిషన్ల మోతలో బతికిన నాకు ఆ నిశ్శబ్దం కావాలనిపించింది.

మా ఆవిడకు చెబితే, "ట్యాంకరు నీళ్లకు బిందెలు పెట్టుకోని కూచోనుండాం. పడవ తెచ్చి యాడ పెడతావు, మిద్దె మీదనా?" అంది.

అయినా పోయాను. అమ్మకానికి ఉన్నది ఒక ముసలాయన పడవ. ఎప్పుడో కోస్తా నుంచి వలస వచ్చి ఆ ఒడ్డునే గుడిసె వేసుకున్న మనిషి. భుజం పడిపోయి తెరచాప తాడు లాగలేక, సొంత ఊరికి వెళ్లిపోవాలనుకుంటున్నాడు. అమ్ముకోవడానికి ఆయనకు ఆ పడవ తప్ప ఇంకేమీ లేదు.

నాకంటే ముందే పక్క ఊరి చేపలాయన ఒకడు వచ్చి పడవ చుట్టూ తిరుగుతున్నాడు. నచ్చిందని మొహంలోనే తెలుస్తోంది. నాకూ నచ్చింది. పాతకాలపు చెక్కపని, చేతితో చెక్కిన చుక్కాని. వంగి చూస్తే బల్లల సందుల్లోంచి ఎండ కనబడింది.

రాయిలో సన్నని నెర్ర కనిపిస్తే మేము తీసి అవతల పారేస్తాం. రాతి చీలిక మళ్లీ కలవదు. "ఇదేం పడవప్పా, జల్లెడ! దీంట్లో పోతే నేరుగా గంగమ్మ కాడికే" అని గట్టిగా అన్నాను.

"ఎండిపోనాది బాబూ" అన్నాడు ముసలాయన. "నాలుగు నెలలై ఒడ్డు మీదే ఉంది. మూడు రోజులు నీటిలో ముంచితే చెక్క ఉబ్బి సందులన్నీ కలిసిపోతాయి."

అబద్ధమాడే గొంతు కాదది. నాకు అర్థమైంది. అయినా నవ్వి, చేపలాయన వైపు తిరిగి, "అమ్మేటోడు అట్లనే చెప్తాడులేప్పా" అన్నాను. అతను బండెక్కి వెళ్లిపోయాడు. పోటీ తొలగింది కదా అని ముసలాయన అడిగిన ధరలో సగం చెప్పాను.

"తమకి పడవొద్దు బాబూ. రాళ్లే చూసుకోండి" అని ఆయన గుడిసెలోకి పోయి తడిక వేసుకున్నాడు.

నందికొట్కూరులో టీ తాగుదామని ఆగాను. సగం తాగి గ్లాసు పెట్టేశాను. పడవను కాదు, ఆ మనిషి ఊరికి పోయే దారిని చెడగొట్టానని అప్పటికి తోచింది. జీపు వెనక్కి తిప్పాను.

పడవను నీళ్లలో దించుదామంటే ముసలాయన తడిక సందులోంచి చూశాడే గాని బయటికి రాలేదు. వద్దనీ అనలేదు. ఒడ్డున ఉన్న ఇద్దరిని పిలిచి నీళ్లలోకి లాగించాను. అది మునగడానికి రాళ్లు మాత్రం నేనే మోశాను. తర్వాత పక్క ఊరికి పోయి చేపలాయన ఇల్లు వెతికి పట్టుకున్నాను.

"పడవ మంచిదే అప్పా. నాకు కావాలని, నిన్ను ఎళ్లగొట్టేదానికి అట్లన్నా" అన్నాను.

"పొద్దున చెడగొట్టి మధ్యాహ్నం అమ్మేదానికి వచ్చినావా? కమిషనేమన్నా ఉండాదా?" అన్నాడు.

"నీళ్లలో ముంచినాం, వచ్చి నువ్వే చూసుకో" అని చెప్పి వచ్చాను. మూడో రోజు చేపలాయన వచ్చాడు. నీళ్లు తోడి పడవను తేల్చాక, "ముందర నువ్వే ఎక్కు" అన్నాడు. నాకు ఈత రాదు. ఎక్కాను. వెనకే అతనెక్కి తెడ్డు వేశాడు. నడినీటి దాకా పోయి వచ్చినా అడుగు బల్లల మీద తడి పెరగలేదు. ముసలాయన అడిగిన ధరకే అతను కొన్నాడు.

సామాన్లు జీపులో వేసుకుని బస్టాండులో దింపుతానంటే ముసలాయన వద్దన్నాడు. మూట పక్కన పెట్టుకుని ఆటో కోసం ఎండలో నిలబడ్డాడు. ఆటో వచ్చేదాకా నేనూ జీపు ఎక్కకుండా పక్కనే నిలబడ్డాను.