ఆర్మస్ మిషను దగ్గు

ఆర్మస్ హీకిలాకు ఉన్నది ఒక్కటే జబ్బు. నడుస్తున్న మిషను కనబడితే ఆయన చేతులు ఊరుకోవు. ఇంకాస్త బాగా నడిపించాలని విప్పుతాడు. విప్పాక అది నడవదు. నడవకపోయేసరికి ఆయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతుంది.

ఈ మాట ఎదురింటి హిల్యా ఊరందరికీ చెప్పింది. ఆర్మస్ ఎదుట కూడా అంది. ఆయన నొచ్చుకోకపోగా, "నిజమే అక్కా, ఇంకా కుదరలేదు" అని ఒప్పుకుని తన దారిన పోయాడు. తిట్టినా తగలని మనిషంటే హిల్యాకు మహా చిరాకు.

ఈసారి ఆయన చేతికి చిక్కింది మంచు చిమ్మే మిషను. ముందు నోట్లో ఇనప మర తిరుగుతూ మంచును లోపలికి లాక్కుంటుంది, నెత్తిమీది గొట్టంలోంచి దూరంగా విసిరేస్తుంది. పెద్ద సరస్సు మీది గాలి మిచిగన్ కొసన ఉన్న ఆ ఊరి మీద చలికాలమంతా మంచు కుమ్మరిస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడ దాదాపు ఇంటికొకటి ఉంటుంది. అందరూ కొట్లో కొనుక్కుంటారు. ఆర్మస్ మాత్రం మూతపడ్డ రాగి గని వెనక బెర్రీ పొదల్లో కూరుకుపోయిన దాన్ని తవ్వి తెచ్చుకున్నాడు. తెచ్చిన రోజు దానికి రంగు లేదు, ఒక చక్రం లేదు. ఇంజనులో మాత్రం ఎలుకల సంసారం ఉంది.

"చూశావా అక్కా, లోపల ఎంత పొడిగా ఉందో! తడిగా ఉంటే ఎలుకలు చేరేవా?" అన్నాడు మురిసిపోతూ.

"అయితే వాటినే ఉండనియ్యి. నీకంటే బాగా చూసుకుంటాయి" అంది హిల్యా.

ఆ వేసవంతా ఆర్మస్ భార్య సైమాకు తన వంటిల్లు తనది కాకుండా పోయింది. చేపలు వేయించే మూకుడులో తుప్పు బోల్టులు నూనెలో నానాయి. కాఫీ గిన్నెలో కార్బురేటర్ ఉడికింది. ఎర్ర రంగు తొందరగా ఆరాలని మిషను మూతను ఓవెన్‌లో పెట్టాడు. అది తీసిన వెంటనే సైమా అందులోనే యాలకుల రొట్టె పెట్టింది. ఆదివారం చర్చిలో ఆ రొట్టె తిన్నవాళ్ళందరికీ బుధవారం దాకా పెయింటు తేన్పులు వచ్చాయి.

"వదినా, ఈయన్ని మిషనుతో సహా మీ ఇంట్లో పెట్టేసుకోండి" అని సైమా రోడ్డు దాటి వచ్చి మొత్తుకుంది.

"నాకొద్దు తల్లీ. నాకున్నది ఒక్కటే కాఫీ గిన్నె."

ఆర్మస్ గొప్పంతా ఆయన చెవిలో ఉంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. స్క్రూను వెంట్రుకవాసి అటు తిప్పుతాడు, వెంట్రుకవాసి ఇటు తిప్పుతాడు. విప్పితే చెడగొడతాడేమో గాని విని సరిచెయ్యడంలో సాటి లేదని, ఆ ఊళ్ళో ఏ పడవ ఇంజను మూలిగినా ఆయన్నే పిలిచేవారు. ఆ అలవాటు ముదిరిపోయి, ఒకసారి ప్రసంగం మధ్యలో పాస్టరుగారికి దగ్గు తెర వస్తే, "గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలట్లేదు" అని పక్కవాడి చెవిలో వైద్యం చెప్పాడు.

మంచు పడ్డాక అసలు గోల మొదలైంది. మిషను నడిచింది. నడిస్తే సరిపోదట, పరీక్షించాలట. దానికి సొంత వాకిట్లో మంచు పనికిరాదట. "మా వాకిట్లోది మెత్తన. దాన్ని దువ్వెనతో తియ్యచ్చు" అన్నాడు. మొదటి పరీక్ష చర్చి ముందు జరిగింది. గొట్టం బిగించడం మరిచిపోయాడు. మిషను నడుస్తూ ఉండగా అది తనంతట తాను మెట్లవైపు తిరిగింది. మెట్ల మీదున్న పాస్టరుగారిలో టోపీ ఒక్కటే మిగిలింది.

"దూరం బాగానే వస్తోంది" అన్నాడు ఆర్మస్.

అటు సైమా కారు సొంత వాకిట్లో అద్దాల దాకా మంచులో కూరుకుని ఉంది. ఆమె కిటికీలోంచి పెట్టిన కేకలు ఇవతల ఇంటిదాకా వినిపించాయి.

ఇవతల హిల్యాకు మాత్రం నవ్వే ఓపిక లేదు. మోకాలు చెడింది. ఆమె ఇల్లు కట్టెల పొయ్యితో బతికే ఇల్లు. కట్టెల లారీ లోపలికి రావాలంటే వాకిలి తెరిచి ఉండాలి. అక్క కొడుకు డేల్ మంచు పడకముందే వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆమె చేత మాట పుచ్చుకున్నాడు.

"ఒక్కసారి లారీ వెనక్కి పోయిందంటే, ఆ వారమే నిన్ను పట్నంలో ముసలివాళ్ళ వసతింట్లో చేర్పిస్తాను పిన్నీ. ఒప్పుకుంటావా లేదా?"

"ఒప్పుకుంటాలేరా. లారీ వెనక్కి పోదు."

అంది గానీ, మొదటి పెద్ద మంచుకే మోకాలు ఆమెను వాకిట్లో కూలేసింది. రేకు పారను పట్టుకుని ఎలాగో లేచింది. ఎవరినైనా అడగచ్చు. కానీ అడగడం ఆమె ఎరగదు. ఆ ఊరి మనుషులంతా అంతే. ఒంటి మీది కోటు తీసి ఇస్తారు గాని, ఎవరైనా అగ్గిపుల్ల ఇస్తే పుచ్చుకోరు. పోయిన ఏడాది పక్కింటి లాహ్తీ అడక్కుండానే పార పట్టుకుని వస్తే, హిల్యా ఆ పారను లాక్కుని మంచుగుట్టలో విసిరేసింది. అది మళ్ళీ మే నెలలో బయటపడింది. అప్పట్నుంచి ఆ వాకిట్లోకి పారతో వచ్చే ధైర్యం ఎవరూ చెయ్యలేదు.

అలాంటి సమయంలో ఆర్మస్ మిషను నల్లటి పొగ కక్కుతూ, క్షయరోగిలా దగ్గుతూ ఆమె గేటు ముందుకొచ్చి ఆగింది.

"ఏమిట్రా ఆ పొగ? దాన్ని తీసుకెళ్ళి నీ ఇంట్లో చావనియ్యి."

ఆర్మస్ టోపీ తీశాడు. "అక్కా, నువ్వు నాకో సాయం చెయ్యాలి."

హిల్యా అలాంటి మాట విని చాలా కాలమైంది. "ఏమిటది?"

"రోడ్డు మంచు తోసే లారీ పోతూ పోతూ మీ వాకిలి మొదట్లో గట్టు పోసి పోతుంది చూడు, అంత రాయిలాంటి మంచు నాకు ఇంకెక్కడా దొరకదు. దాని మీద పరీక్షిస్తే గాని ఈ దగ్గెందుకో తేలదు. కాస్త మీ మంచు వాడుకోనిస్తావా?"

సాయం అడిగినవాణ్ణి కాదనకూడదు కదా. "సరే ఏడు. పూలపాదుల మీద పొయ్యకు" అంది.

ఆ చలికాలమంతా అదే తంతు. మంచు పడ్డం, మిషను దగ్గుకుంటూ రావడం, గట్టు మాయం కావడం, కట్టెల కొట్టందాకా దారి తెరుచుకోవడం, చివర ఆర్మస్ తల అడ్డంగా తిప్పి "ఇంకా కుదరలేదు" అనడం. హిల్యా కాఫీ పోసేది, దాంతోపాటు నాలుగు చీవాట్లు పెట్టేది. ఆర్మస్ చెవి చచ్చిపోయిందని ఊళ్ళో చెప్పుకున్నారు. పడవలవాళ్ళు ఆయన్ని పిలవడం మానేసి పక్క ఊరికి వెళ్ళసాగారు. కట్టెల లారీ మాత్రం వచ్చిన ప్రతిసారీ లోపలికే వచ్చింది. డేల్ వచ్చి వాకిలి చూసి నోరు మూసుకుని వెళ్ళాడు.

జనవరిలో పెద్ద తుఫాను వెలిసిన పొద్దున, ఆర్మస్ పని ముగించి వంటింట్లో కాఫీకి కూర్చున్నాడు. మిషను బయట దగ్గుతూనే ఉంది. ఆపితే మళ్ళీ స్టార్టవదన్నాడు. ఆ దగ్గు హిల్యా నరాల మీద దెబ్బలు కొడుతోంది. కట్టెలు తెచ్చే వంకతో శాలువా కప్పుకుని బయటికి నడిచింది.

పెళ్ళయినప్పట్నుంచి మొగుడితో చేపల పడవ ఎక్కిన మనిషి ఆమె. చోక్ అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. చల్లటి ఇంజనుకు గాలి తగ్గించి స్టార్ట్ చెయ్యడానికి లాగుతారు, వేడెక్కగానే వెనక్కి నెడతారు, నెట్టకపోతే ఇంజను నల్లపొగ కక్కుతూ దగ్గుతుంది. ఈ మిషను చోక్ సగం లాగి ఉంది. "మతిమరుపు వెధవ!" అనుకుంటూ బొటనవేలితో నెట్టింది. కదల్లేదు. వంగి చూసింది. దానికి రాగి తీగ చుట్టి ఉంది. అదురుకు జారిపోకుండా, చుట్టు పక్కన చుట్టు, ఎంతో ఒద్దికగా.

తీగ విప్పి నెట్టింది. పొగ ఆగిపోయింది. దగ్గు ఆగిపోయింది. ఇంజను పాలు తాగిన పిల్లిలా గురుగురుమంది.

హిల్యా చెవులు వేడెక్కాయి. అంటే ఇన్నాళ్ళూ తాను సాయం చేస్తున్నాననుకుంటూ సాయం పుచ్చుకుందన్నమాట! లోపలికెళ్ళి ఆ కాఫీ వాడి నెత్తిన పొయ్యాలనిపించింది. గిరుక్కున తిరిగింది. తిరిగితే దారి కనబడింది. గుమ్మం నుంచి కొట్టందాకా, అంచులు కత్తితో కోసినట్టు, ఆమె మోకాలికి తగిన వెడల్పుతో.

ఆమె అలా చూస్తూ నిలబడిపోయింది. ఆ మనిషికి ఉన్న ఒక్క గొప్ప ఆ చెవి. అది చచ్చిపోయిందని ఊరంతా నవ్వుతుంటే నవ్వుకోనిచ్చాడు. తన పరువు కాపాడటానికి వాడు వాడి పరువుకు ఇన్నాళ్ళూ పొగబెట్టుకున్నాడు.

వంగి చోక్‌ను మళ్ళీ సగం లాగింది. చలికి కొంకర్లు పోతున్న వేళ్ళతో తీగ చుట్టింది. అంత ఒద్దికగా కుదరలేదు. మిషను మునుపటికంటే ఘోరంగా దగ్గడం మొదలుపెట్టింది.

లోపలికి వచ్చేసరికి ఆర్మస్ తల పక్కకు వాల్చి వింటున్నాడు.

"మధ్యలో శబ్దం మారినట్టుంది అక్కా?"

"ఏమీ మారలా."

ఆయన చూపు ఆమె బొటనవేలి మసి మీద పడింది. హిల్యా చెయ్యి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. రెండో చేత్తో ఆయన కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది.

"అబ్బాయ్" అంది. "నీ పరీక్షలో లోపముంది. ఎంతసేపూ ఒక్క గట్టే చూస్తావు. మా సౌనా స్నానాల గది దారిలో మంచు వేరే రకం. ఆవిరికి కరిగి, మళ్ళీ గడ్డకట్టి, అద్దంలా ఉంటుంది. అక్కడ చూడకపోతే ఆ మిషను సంగతి నీకేం తెలుస్తుంది?"

ఆర్మస్ మీసాలు తుడుచుకున్నాడు, చాలా సేపు తుడుచుకున్నాడు. "నాకు తట్టనే లేదు అక్కా. రేపు పొద్దున్నే చూస్తాను."

"రేపు కాదు, ఇప్పుడే చూడు" అంది హిల్యా, ఆయన టోపీ తీసి చేతిలో పెడుతూ. "రేపటికి అది బాగుపడి కూర్చుంటే?"