పటిక వేసిన నీళ్ళు

రాజమండ్రిలో ఉద్యోగం వచ్చాక ఒక పిన్నిగారింట్లో మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. ఉద్యోగమంటే బడి ఆఫీసులో రికార్డులు రాయడం. మనుషులతో ఎక్కువ మాట్లాడనక్కర్లేదు కాబట్టి నాకు సరిపోయింది. ఆ ఇంట్లో నాకు సరిపడనివి నీళ్ళే. కుళాయిలో బోరు నీరు వచ్చేది. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. బకెట్ అంచున తెల్లటి పొర పేరుకునేది. తలస్నానం చేస్తే జుట్టు కొబ్బరిపీచులా అయ్యేది.

పిన్నిగారికి మోకాళ్ళ నొప్పులు. పెరట్లో తవ్వే ఓపిక పోయి, కడియపులంక నర్సరీల్లో కొన్న కుండీలను హాల్లో కిటికీల దగ్గర పెట్టుకున్నారు. మొత్తం ఎనిమిది. వాటిలో ఆవిడకు ప్రాణం ఒక ఫెర్న్ మొక్క. అరచేతిలో పట్టేంతది కొని, బల్ల మీంచి నేలకు వేలాడేదాకా పెంచారు. మొదట్లో బోరు నీళ్ళు పోస్తే ఆకుల అంచులు మాడి, మట్టి మీద ఉప్పు తేలిందట. అప్పటి నుంచి డాబా మీది వాన నీటిని గొట్టంతో పెరట్లోని రెండు డ్రమ్ముల్లోకి పట్టి, దోమలు చేరకుండా మూతులకు పాత చీర ముక్కలు కట్టి, ఆ నీళ్ళే మొక్కలకు పోసేవారు.

జులైలో పిన్నిగారు కూతురి పురిటికి పెద్దాపురం వెళ్ళారు. నెల రోజులు రారు. ఇల్లు ఊడ్చి తుడవడానికి తాళం చెవి పనిచేసే అక్కకు ఇచ్చారు. ఆమె పదేళ్ళుగా ఆ ఇంట్లో చేస్తోంది. భర్త గోదావరిలో వల వేస్తాడు. మొక్కలు మాత్రం నాకు అప్పగించారు.

"రోజు విడిచి రోజు, కుండీకి అర మగ్గు. డ్రమ్ములో నీళ్ళేనమ్మా, కుళాయివి వద్దు. నువ్వు చదువుకున్నదానివి, నీకు వేరే చెప్పాలా" అన్నారు.

మొదటి వారం బాగానే పోశాను. రెండో ఆదివారం ఒక్క బకెట్ వాన నీళ్ళు పైకి మోసుకెళ్ళి తలంటుకున్నాను. కుంకుడు పులుసు ఎంత నురగ వచ్చిందో. జుట్టు ఆరాక వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. ఎవరూ చూడకపోయినా సాయంత్రం దాకా జడ వేసుకోలేదు. మళ్ళీ వాన వస్తుంది, నిండుతుంది అనుకున్నాను. బుధవారం ఇంకో బకెట్, ఆదివారం ఇంకొకటి. తర్వాత ముఖానికి, తర్వాత రంగు పోతుందని భయమున్న నా రెండు మంచి చీరలకు. వాన మాత్రం మొహం చాటేసింది. మూడో వారానికి రెండు డ్రమ్ముల్లోనూ అడుగున మట్టి కనిపించింది.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. మా ఊరు కాలవ గట్టున. వరద రోజుల్లో కాలవలో ఎర్ర నీళ్ళు వస్తే అమ్మ బిందెలో పటిక ముక్క నాలుగు చుట్లు తిప్పేది. తెల్లారేసరికి బురద అడుగుకు దిగి, పైన నీళ్ళు అద్దంలా ఉండేవి. నీటిలో ఏ దోషం ఉన్నా పటికతో పోతుందని మా ఇంట్లో అందరి నమ్మకం. బోరు నీళ్ళ బకెట్లో పటిక తిప్పాను. ఏమీ అడుగుకు దిగలేదు. చాల్లేదేమో అనుకుని ఇంకా తిప్పాను. పది రోజులు ఆ నీళ్ళే పోశాను.

ముందు ఫెర్న్ ఆకుల కొసలు గోధుమరంగు తిరిగాయి. తర్వాత కాడలు ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. చారల ఆకుల మొక్క అంచులు కాలిన కాగితంలా ముడుచుకున్నాయి. ఒక ఆకు కవర్లో పెట్టుకుని కడియపులంక వెళ్ళాను.

నర్సరీ ఆయన ఆకు తిప్పి చూశాడు. "ఏం నీళ్ళు పోశారండి?"

"బోరు నీళ్ళండి. పటిక వేసి."

"బురదగా వస్తాయాండి?"

"లేదండి, తేటగానే ఉంటాయి."

"తేట నీళ్ళకి పటికెందుకండి బాబూ" అని నవ్వాడు. "పటిక బురదని దించుద్ది గానీ, కరిగున్న ఉప్పునేం చేస్తాదండి? పైగా అదీ ఆ మట్టిలోకే పోయింది. ఇంక ఆ ఫెర్న్ మీద ఆశ వదులుకోండి."

అంత పెద్ద ఫెర్న్ ఉందా అని అడిగాను. లేదన్నాడు. ఉంటే కొని ఆ బల్ల మీద పెట్టి ఊరుకునేదాన్ని. ఆ మాట ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు.

రెండు రోజులకు పిన్నిగారు వచ్చారు. నేను మెట్ల మీద ఉండగానే హాల్లోంచి మాటలు వినిపించాయి.

"ఇదేంటే ఇలా అయిపోయింది? ఫినాయిల్ నీళ్ళు గాని కుండీల్లో కుమ్మరించావా?"

"నేనెందుకు పోస్తానండి. మొక్కల జోలికే వెళ్ళలేదు" అంది అక్క.

"మరి డ్రమ్ముల్లో నీళ్ళేవి? రెండూ ఖాళీ. ఎనిమిది కుండీలు తాగేశాయా అన్ని నీళ్ళు? మీ ఇంటి బట్టలన్నీ ఇక్కడే ఉతికుంటావు."

"అమ్మగారూ, పదేళ్ళ నుంచి చూస్తన్నారు నన్ను."

"చూశాను కాబట్టే తాళం చేతికిచ్చాను."

నేను ఇంకో మూడు మెట్లు దిగాను. అక్క తల తిప్పి నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. నేను చెప్పాల్సింది రెండు మాటలే. పిన్నిగారు నన్ను చూసి, "చూశావా అమ్మాయ్, పాపం నువ్వు రోజూ పోస్తూనే ఉండుంటావు" అన్నారు. నేను తల ఊపాను. నిజమే, రోజు విడిచి రోజు పోశాను.

అక్క తాళం చెవి కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు డైరీలో వాన రాలేదని మాత్రం రాశాను.

అయిదో రోజున చేపల బజారు పక్కగా వస్తుంటే ఆమె కనిపించింది. ఆడపడుచు పక్కన పీట వేసుకుని, కొన్నవాళ్ళకు చేపల పొలుసు తీసి పెడుతోంది. ముందు దాటిపోయాను. మళ్ళీ వెనక్కి వచ్చాను.

"అక్కా, ఆ నీళ్ళు నేను వాడాను. మొక్కలు కూడా నా వల్లే పోయాయి."

ఆమె కత్తి ఆపలేదు. "తెలుసండి."

"ఎలా తెలుసు?"

"డ్రమ్ము గుడ్డ మీద బారెడు నల్ల వెంట్రుకలుండేవి. అమ్మగారి జుట్టు చూస్తే పిడికెడు. నాది నెరిసిపోయింది. ఇంక ఆ ఇంట్లో ఎవరండీ?"

ఆడపడుచు కిసుక్కున నవ్వింది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"పుస్తకాలు చదువుకునే పిల్ల మాట వింటారా, అంట్లు తోమేదాని మాట వింటారా? అందుకే మీరు చెప్తారేమోనని మీకేసి చూశాను." చేపను నీళ్ళలో కడిగింది. "నాకు చెప్తే ఏం లాభమండి. నన్ను అన్నది ఇక్కడ కాదు కదా."

ఆ సాయంత్రమే పిన్నిగారి ముందు నిలబడి అన్నీ చెప్పాను. తలంటు, చీరలు, పటిక, నర్సరీ. కోప్పడతారనుకున్నాను.

"నీళ్ళు వాడుకుంటే వాడుకున్నావు. మొక్కదేముంది, మళ్ళీ కొనుక్కుంటాను. అది గుమ్మం దాటుతుంటే నీకు నోరెలా రాలేదమ్మా? నా చేత అన్ని మాటలు అనిపించావు."

మర్నాడు ఆ మోకాళ్ళతోనే ఆటో ఎక్కి, నన్ను వెంటబెట్టుకుని బజారుకు వచ్చారు. "నాదే తప్పే, రా" అన్నారు. అక్క కొంగుతో చేతులు తుడుచుకుని, "సరేనండి, సోమవారం నుంచి వస్తాను" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేననుకోలేదు.

ఇప్పుడు రోజూ వస్తోంది. నన్ను చూస్తే, "టిఫిన్ చేశారా అమ్మాయిగారూ" అని ఎప్పటిలాగే అడుగుతుంది. పని అయ్యాక మాత్రం గుమ్మంలో నిలబడి, "అమ్మగారూ, నేను వెళ్తన్నాను, ఒకసారి వచ్చి అన్నీ చూసుకోండి" అని పిలుస్తుంది. పిన్నిగారు లేచి వచ్చేదాకా కదలదు. పదేళ్ళలో ఆమె ఎప్పుడూ అలా పిలవలేదట.