పళ్ళతో తెంపిన దారం

“పెద్దమ్మా, నువ్వు సూపించినట్లే సేసినా గదా?”

“నేనేం సూపించినానప్పా? నాకేం తెలుసు?”

బాషాకూ నాకూ నడిచిన ఆఖరి మాటలు ఇవి. ఎమ్మిగనూరు సినిమా హాలు గేటు దగ్గర, జనం మమ్మల్ని తోసుకుంటూ పోతుంటే. ముప్పై ఏళ్ళు దాటింది. నేనన్న మాట ఇంకా నా గొంతులోనే అడ్డం పడి ఉంది. మింగలేను, ఉమ్మలేను. నాకు సంతకం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే నా చెల్లెలి కూతురు రాస్తోంది. చదివే నువ్వు ఎవరివో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. అత్తామామలు పోయాక నా మొగుడే తమ్ముణ్ణి పెంచాడు. చీరలు నేసి ఆదోనిలో చదివించాడు. సాయంత్రం వీధి పిల్లలు కండెలకు నూలు చుట్టడానికి వచ్చేవాళ్ళు. వాళ్ళు మధ్యలో పారిపోకుండా ఆయన ఒక కండె నుంచి బారెడు దారం లాగి, వేళ్ళకు తగిలించి, జల్లెడ, మంచం, పిట్ట, ఉయ్యాల కట్టి చూపిస్తూ కథ చెప్పేవాడు. మరిది పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఆ విద్య అంతా మా మగ్గం గుంట పక్కదే.

తర్వాత టీవీలు వచ్చాయి. మరిది హైదరాబాదులో టీవీలో పిల్లల కార్యక్రమం చేసేవాడు. అవే దారాలు, అవే కథలు. పిల్లలందరికీ ‘కండె మామయ్య’ అయిపోయాడు. ఆదివారం వస్తే మా వీధిలో టీవీ ఉన్న ఒక్క ఇంటి ముందు చెప్పులు పెట్టడానికి కూడా చోటు ఉండేది కాదు.

నా మొగుడికి రొమ్ము జబ్బు, అదే క్షయ, పట్టింది. తమ్ముణ్ణి చూడాలన్నాడు. రెండు ఉత్తరాలు రాయించాను. రాలేదు. పోనీ, టీవీలోనైనా చూస్తాడని ఆ ఇంటి గుమ్మం ముందు మంచం వేయించి పడుకోబెట్టాను. ఆ రోజు టీవీలో ఒక పాప అడిగింది, “మామయ్యా, ఇవన్నీ మీకు ఎవరు నేర్పించారు?” అని. మరిది ఎంత చక్కగా నవ్వాడో! “ఎవరూ నేర్పలేదమ్మా. నాకు అన్నా తమ్ముడూ ఎవరూ లేరు. దారమే నాకు తోడు” అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా మొగుడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాలుగో రోజు పోయాడు.

మా ఊరి నేతవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. నేసేవాడు పోతే, ఆయన మిగిల్చిన ఆఖరి కండె దారం తీసి పోయినవాడి ఎడమ చేతి వేళ్ళకు మూడు చుట్లు చుడతారు. కత్తెర ముట్టకూడదు. పెళ్ళాం పళ్ళతో తెంపాలి. బతికి ఉన్నవాళ్ళకు అట్లా ఎవరూ చుట్టరు. ఆటకు చుట్టుకున్నా పిల్లల చేతి మీద ఒకటి వేస్తారు. ఆ రోజు తెంపింది నా పళ్ళే. ఆ నూలు రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

రెండేళ్ళకు మరిది జీవితం సినిమాగా తీస్తున్నారని తెలిసింది. అతని వేషం బాషాకు ఇచ్చారు. బాషాది ఆదోని. పగలు పత్తి మిల్లులో పని, పండగలకు నాటకాలు. ముఖం మరిదిని పోలి ఉండటంతో దొరికిన మొదటి సినిమా. కంపెనీ వాళ్ళు పంపకపోయినా, తనంతట తానే బస్సెక్కి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. జుట్టు నిండా దూది పీచు.

“వాళ్ళన్న వేషం ఎవరు కడతాండారప్పా?” అని అడిగాను.

“అన్నా? కతలో అన్నే లేడు గదా పెద్దమ్మా” అన్నాడు.

అప్పుడే నిర్ణయించుకున్నాను. ఒక్క క్షణం పట్టిందంతే.

మూడు రోజులు వచ్చాడు. జల్లెడ నేర్పాను, పిట్ట నేర్పాను, అన్నీ నిజంగానే నేర్పాను. మూడో రోజు అడిగాడు.

“కత అయిపోయినాక ఆ దారాన్ని ఏం సేస్తాడు పెద్దమ్మా?”

అతని ఎడమ చేయి పట్టుకుని మూడు చుట్లు చుట్టాను. పళ్ళతో తెంపమన్నాను.

“టీవీలో ఎప్పుడూ సూడలేదే!”

“అది పట్నం. ఊర్లో ఇట్లే సేస్తుండె.”

అతను తెంపి నవ్వాడు. “పండ్లు ఊడినాక ఏం సేసేవాడో పాపం!” నేనూ నవ్వాను. బతికి ఉన్న మనిషి చేతికి చావుదారం చుడుతున్నానని అప్పుడు నాకు తెలియదా? తెలుసు. తెలిసే చుట్టాను. అతని గురించి ఆలోచించానా? లేదు. నా కళ్ళకు ఆ చేయి మరిదిదే.

సినిమా మొదటి ఆట మా ఊళ్ళోనే వేసిన రోజు మరిది ముందు వరుసలో కూర్చున్నాడు, మెడలో దండ. వెనక వరుసలో బాషా, కొత్త చొక్కా. తెర మీద బాషా పిల్లలకు చెప్పే కథ అయిపోయింది. వేళ్ళు తెరంత పెద్దవిగా కనిపించాయి. ఒక చుట్టు, రెండు, మూడు. పళ్ళు.

“ఎవడ్రా వాడు, బతికినోని సేతికి సావుదారం సుట్టేది!” ఎవరో ముసలామె అరిచింది. ఆడవాళ్ళు పిల్లల కళ్ళు మూసి ఎత్తుకుపోయారు. తెర మీదికి చెప్పులు లేచాయి. మరిది వెనక్కి తిరిగి ఆడవాళ్ళ బెంచీల్లో వెతికాడు. నన్ను చూశాడు. అతనికి అర్థమైంది. నేను తల దించలేదు. ఎండలో నడిచొచ్చి కుండ నీళ్ళు తాగినట్టు చల్లగా అనిపించింది నాకు. అబద్ధం చెప్పను.

లైట్లు వేశారు. మరిది లేచి నిలబడి బాషా వైపు వేలు చూపించాడు. “మన పద్ధతులు తెలియని మనిషిని పెట్టుకున్నారు. క్షమించండి” అన్నాడు. నా పేరు చెప్పొచ్చు కదా? చెబితే నేనెవరో చెప్పాలి. నేనెవరో చెబితే అన్న పేరు చెప్పాలి. అందుకే చెప్పలేదు. అన్నను దాచడానికి అతను బాషాను ముందుకు తోశాడు. నన్ను నేను దాచుకోవడానికి నేనూ అదే చేశాను. మరి మా ఇద్దరికీ తేడా ఏముంది?

జనం బాషా కొత్త చొక్కా పట్టుకుని గుంజారు. “ఎవరు నేర్పిచ్చినార్రా నీకు?” నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. అతను నన్ను చూశాడు.

“ఎవరూ నేర్పలేదన్నా. నాకే తోసింది.”

మరిది టీవీలో అన్న మాటే. మరిది అన్నను చెరిపేయడానికి అన్నాడు. ఇతను నన్ను కాపాడటానికి అన్నాడు. ఆ తర్వాతే గేటు దగ్గర నన్ను అడిగాడు, ఎవరికీ వినపడకుండా, మెల్లగా. దానికి నేనిచ్చిన జవాబు పైన రాయించాను.

మరిది పేరుకు ఏమీ కాలేదు. మళ్ళీ ఆదివారాలు, మళ్ళీ చప్పట్లు. బాషాకు సినిమాలు పోయాయి, నాటకాల వాళ్ళూ పిలవడం మానేశారు. ఒకసారి ఆదోని మార్కెట్ యార్డు ముందు బస్సు ఆగితే కనిపించాడు, వీపు మీద పత్తి నింపిన గోనె బోరెం మోస్తూ. నేను ముఖం మీదికి కొంగు లాక్కున్నాను.

మరిది మీద నా కసి తగ్గిందా? తగ్గలేదు. ఈరోజు ఎదురొస్తే ఈరోజైనా ఆ దారం అతని చేతికి చుడతాను, కానీ నా చేతులతో చుడతాను. ఇంకొకరి వేళ్ళు అరువు తీసుకోను. బాషా ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే క్షమించమని అడగను. ఆ రోజు ఒక్క మాటతో అతన్ని కాపాడగలిగి ఉండీ నోరు మూసుకున్నదాన్ని, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను? అతనికి రావలసిన జవాబు మాత్రం ఇది: అవునప్పా, నేనే సూపించినాను.

రాసినావా పాపా? ఆ మాట పెద్ద అచ్చరాలతో రాయి. ఊఁ, ఇప్పుడు మొదట్నుంచి సదివి వినిపించు. నేను “నాకేం తెలుసు” అన్న కాడ బిరబిరా దాటొద్దు, మెల్లగ సదువు.