నైలు నది ఆగిపోయిన పుస్తకం

టీవీలో కోటి రూపాయల ప్రశ్న రాగానే మా ఇంట్లో చదువుకున్న పిల్లలు "ఇది ఆశపోతుల ఆట" అంటారు. అంటూనే చూస్తారు. ఎందుకు చూస్తారో వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. అది కాగితం మీద ఉండాలని రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మేము చొప్పదండిలో ఉండేవాళ్ళం. మా ఆయన మగ్గం నేసేవాడు, నేను కండెలకు నూలు చుట్టేదాన్ని. బడి ముఖం చూడలేదు. అక్షరాలు నేనే కూడబలుక్కొని, గ్రంథాలయం నుంచి వారానికో పుస్తకం తెచ్చుకునేదాన్ని. మా అత్తకు అది గిట్టేది కాదు.

ఆ ఏడు జాతరలో సవాల్-జవాబ్ డేరా వేశారు. నాలుగు ప్రశ్నలకు సరిగ్గా చెబితే యాభై రూపాయలు. అయిదోది కూడా చెబితే రెండు వందలు, తప్పితే అంతా పోతుంది. నేను పోతానంటే అత్త ఒక్కటే మాట అంది.

"పో. పైసలతోనే రా. ఉత్త చేతులతో వస్తే ఇగ గా పుస్తకాలు బంద్."

నాలుగూ చెప్పాను. ఇంట్లో నేను చదివింది చెప్పబోతే సగంలోనే లేచిపోయేవాళ్ళు. ఇప్పుడు పక్కన యాభై రూపాయలు పెట్టేసరికి, కిరాణా షావుకారు నుంచి మా ఆయన దాకా అందరూ ఊపిరి బిగబట్టి నా నోటివైపే చూస్తున్నారు. జనం ఇప్పటికీ ఆ టీవీ ఆట చూసేది ఆ నిశ్శబ్దం కోసమే.

"ఇగ చాలు, దిగు," అన్నాడు మా ఆయన కింది నుంచి. "మా అవ్వ సంగతి నీకెరుకే గద."

"ఇంకొక్కటి అడగనీ," అన్నాను.

డేరా ఆయన అడిగాడు: "నైలు నది ఏ సముద్రంల కలుస్తది, చెల్లె?"

నదుల పుస్తకం రెండుసార్లు చదివాను. కానీ దాని చివరి పేజీలు ఎవరో చింపుకుపోయారు. నా పుస్తకంలో నైలు ఎడారిలోనే ఆగిపోయింది.

"నాకెరుక లేదు," అన్నాను. "గా పేజీలు చింపినోళ్ళు ఈడనే ఉంటరు. వాళ్ళనడుగుండ్రి."

డేరా అంతా నవ్వింది. ఆయన "మధ్యధరా సముద్రం" అని చెప్పి, యాభై రూపాయలు తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

అత్త వాకిట్లోనే నిలబడి ఉంది. సంగతంతా విని, "గా నది ఏడ కలుస్తే మనకేందే? పైసలేవి?" అంది.

"పోయినయి అత్తా. రేపు పుస్తకం మార్చుకొస్త."

"బంద్ అన్న గద."

"అన్నవు. కండెలు చుట్టినంకనే పోత."

పోయాను. నదుల పుస్తకం అడిగి తీసుకొని, మిగిలిన ఆఖరి పేజీ అడుగున సిరాతో రాశాను: నైలు మధ్యధరా సముద్రంలో కలుస్తుంది.

తోడైనవాళ్ళ పేర్లు రాయను, కృతజ్ఞతలు మాత్రం చెబుతాను. నేను రాస్తుంటే చూసి కిటికీవైపు ముఖం తిప్పుకున్న గ్రంథపాలకుడికి. జాతర నుంచి ఇంటిదాకా ఒక్క మాట అనని మా ఆయనకు. వారం పాటు మాట్లాడకుండా ఉండి, ఎనిమిదో నాడు "గంత పెద్ద నదా అది?" అని అడిగిన మా అత్తకు. పేజీలు చింపినవాళ్ళకు మాత్రం చెప్పను.