వంద గళ్ల క్యూబ్ మీద సర్దార్ సంతకం

మా ఆయన సదయ్య పోయి ఏడాది దాటింది. గోదావరిఖనిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ సర్దారే. షిఫ్టు వాళ్లు పనిలోకి దిగకముందే గనిలోపలికి వెళ్లి, పైకప్పును కర్రతో తట్టి, ఆ చప్పుడు విని, బాగుంటే గోడ మీద సుద్దతో తేదీ వేసి సంతకం పెట్టడం సర్దార్ పని. సంతకం పడేదాకా మిగతావాళ్లు బయటే ఆగాలి. ఆయన "ఇగ రాండ్రి" అన్నాక రెండో మాట అడిగినవాళ్లు లేరని, ఆయనతో పనిచేసినవాళ్లు ఇప్పటికీ మా గుమ్మంలో నిలబడి చెబుతారు.

నేను రాయాలనుకున్నది మాత్రం రిటైరయ్యాక ఆయన పెట్టిన సంతకం గురించి.

మా అమ్మాయి సహస్ర జ్యోతినగర్‌లో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. చేతిలో తిప్పి రంగులు కలిపే క్యూబ్ ఉంటుంది కదా, దాన్ని తెర మీద తిప్పుకునేలా ఒక సాఫ్ట్‌వేర్ రాసింది. గనిలో రాయి పడి ఆయన కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. అసలు క్యూబ్ ఆ చేతిలో నిలిచేది కాదు. తెర మీదైతే మౌస్ చాలు. వరసకు మూడు గళ్లుండేది నేర్చుకున్నాడు, పది గళ్లది చేశాడు, ఇరవై చేశాడు. ఎంత పెద్దదైనా దారి ఒకటేనట. ముందు ప్రతి ముఖం మధ్యలో గళ్లు కలపాలి, తర్వాత అంచులు, చివరికి చిన్నదానిలాగే ముగించాలి. నాకు విడమరిచి చెప్పేవాడు. ఓపిక కావాలన్న సంగతి ఒక్కటే నాకు అర్థమయ్యేది.

నలభై దగ్గర ఆయన ఆగిపోవాల్సి వచ్చింది. అంతకు మించిన సంఖ్య కొడితే సాఫ్ట్‌వేర్ తీసుకోలేదు.

"ఏంది బిడ్డా, నలభైకే గేటు పెట్టినవ్?"

"తెర పట్టదు బాపూ. వంద పెడితే ఒక్కొక్క గడి చీమ తలకాయంత గూడ ఉండదు. వాడేటోళ్లు గూడ గదే అంటున్నరు. కనవడని క్యూబ్ ఎవలికి అక్కరకొస్తదని."

"గనిల మొత్తం కనవడుతదా? లైటు పడ్డంత మేరనే కనవడుతది. మిగిలింది యాదిల పెట్టుకుంటం. గట్లనే గదా ఇన్నేండ్లు పనిజేసింది."

పక్క క్వార్టర్ పోశం టీ తాగుతూ ఈ మాటలు విన్నాడు. గనిలో మా ఆయన కిందే పనిచేసినవాడు. "సర్దారన్నా, ముక్కు మీద అద్దాలు పెట్టుకొని ఇల్లంత అద్దాలే దేవులాడుతవు. నువ్వు వంద గళ్లు జేస్తవా?"

సహస్ర నవ్వి, తర్వాత కొంచెం ఆలోచించింది. "సరే బాపూ. నీ ఒక్కనికి లిమిటు తీస్త. వందది నువ్వు పూర్తిజేస్తే అందరికీ తీసేస్త. లేకుంటే నలభై కాడనే ఖాయం. మళ్ల అడగొద్దు."

"ఖాయమే. గానీ నాకు మూడు గావాలె," అన్నాడు. తెర మీద గుండ్రటి వెలుగు ఒకటి, కావాలన్న చోటికి జరుపుకుంటే అక్కడి గళ్లు పెద్దగా కనిపించేలా. చూసిన చోట గుర్తు పెట్టుకోవడానికి సుద్ద. మూడోది విని సహస్ర ఆశ్చర్యపోయింది. క్యూబ్ పూర్తయినా ఆ మాట సాఫ్ట్‌వేర్ చెప్పకూడదట.

"ఎందుకు బాపూ?"

"గని చెప్తదా? చూసినోడే చెప్పాలె."

వానలు మొదలైనప్పుడు కూర్చున్నాడు. మొదటి వారంలోనే ఒక పొరపాటు చేశాడు. గనిలో గోడ కదలదు. ఆ అలవాటుతో ఒక మూల అంతా చూసి, సుద్దతో పెద్దగా 'స' అని రాశాడు. తర్వాత ఒక వరస తిప్పేసరికి ఆ అక్షరంలో ఒక ముక్క అవతలి ముఖానికి వెళ్లిపోయింది.

పోశం పగలబడి నవ్వాడు. "సర్దార్ సంతకం గోదారి దాటింది! మంచిర్యాలల దేవులాడుకో పో అన్నా!"

"నవ్వకురా. మంచిదే అయింది," అన్నాడాయన. సాయంత్రం సహస్రకు ఫోన్ చేశాడు. "బిడ్డా, వరస కదిల్తే దాని మీది సుద్ద తుడుచుకపోవాలె. కదిలిన జాగకు పాత సంతకం చెల్లది. మళ్ల చూడాలె."

ఆ ఏడు వర్షాలు బాగా పడ్డాయి. దగ్గు ఎక్కువై రెండుసార్లు దవాఖానకు పోయివచ్చాం. వచ్చిన రోజే మళ్లీ తెర ముందు కూర్చునేవాడు. "ఆ గళ్లల్ల బొగ్గేమన్న ఎల్తుందా అయ్యా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. "ఎల్తే ముందు నీకే చెప్త, ఫికర్ జెయ్యకు," అనేవాడు, తల ఎత్తకుండానే.

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున సహస్రా నేనూ తంగేడు పూలు కట్టలు కడుతున్నాం. ఆమె నీళ్లకని లేచి, దారిలో ఆయన తెరవైపు చూసింది. క్యూబ్ మొత్తం కనిపిస్తోంది. తిప్పి చూస్తే ప్రతి ముఖం ఒకే రంగు.

"బాపూ! అయిపోయింది!" అని అరిచింది. పోశం చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. "ఇప్పుడే లిమిటు తీసేస్త," అంటూ సహస్ర తన లాప్‌టాప్ తెరవబోయింది.

"ఆగు. నేను రమ్మన్ననా?"

ఆ గొంతు నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు. గనిలో అలాగే మాట్లాడేవాడేమో.

"చివరికి తిప్పిన వరసల మీద సుద్ద లేదు. దూరంకెల్లి చూస్తే పైకప్పంత మంచిగనే కనవడ్తది. ఆడ ఆగుండ్రి."

ముగ్గురం గుమ్మం దగ్గర నిలబడ్డాం, నా చేతిలో పూల కట్టతో సహా. ఆయన వెలుగును ఒక అంచు నుంచి మెల్లగా జరపసాగాడు. చూడటం, సుద్ద గీయటం, జరపటం. తెలుపు, పసుపు ముఖాలు అయ్యాయి. నీలం, ఆకుపచ్చ అయ్యాయి. నేను పూలు వాడిపోతాయనుకుంటున్నాను. ఎర్ర ముఖం మధ్యలో ఆయన చెయ్యి ఆగింది.

"ఇగో. ఈడున్నది."

అన్నీ ఎర్ర గళ్లే. వాటి నడుమ నారింజ గడి ఒకటి. మొత్తం చూసినప్పుడు గళ్లు మరీ సన్నగా ఉండి, ఆ రెండు రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయని సహస్ర మెల్లగా చెప్పింది. "ఎవలికీ కనవడదు బాపూ. నాకే కనవడలే. గీ ఒక్కదానికి అయిపోలేదంటమా?"

"ఒక్కటి గాదు. ఇది ఈడికొచ్చిందంటే, దీని జాగల ఎర్రది అవుతల ఉంటది."

నారింజ ముఖం తిప్పి వెతికాడు. ఉంది.

ఆ రెండింటినీ ఇటుదటు మార్చడానికి చాలా వరసలు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాలట. తిప్పిన ప్రతి వరస మీదా సుద్ద పోయింది. పోశం గుమ్మానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. "సర్దారన్నా, షిఫ్టు దాటిపోతుంది."

"దాటనీ."

సుద్ద పోయిన చోటల్లా ఆయన మళ్లీ చూశాడు. ఆఖరి మూలలో 'స' రాసి, అద్దాలు తీసి తుడుచుకున్నాడు. కుర్చీ మావైపు తిప్పాడు.

"ఇగ రాండ్రి."

సహస్ర ఆ మధ్యాహ్నమే లిమిటు తీసేసింది. ఇప్పుడు ఎంత సంఖ్య కొట్టినా తీసుకుంటుంది. తెర పట్టనంత పెద్దదైతే గుండ్రటి వెలుగు దానంతటదే వస్తుంది, పక్కనే సుద్ద. దానికి 'సర్దార్ లైటు' అని పేరు పెట్టింది. పేర్లు కూడా తెలియని ఊళ్లవాళ్లు దాన్ని వాడుతున్నారు, ఎవరీ సర్దార్ అని అడుగుతారట.

ఆ పండగ సాయంత్రం బతుకమ్మ దగ్గర పోశం భార్య లింగవ్వ నా పక్కకు వచ్చింది. "ఏందక్కా, సర్దారన్న ఏందో గెలిచిండంట గదా?"

"అవునే," అన్నాను. "సంతకం పెట్టిండు."