పసుపు బొట్టు పెట్టిన రిసీవర్

నల్లగొండలో కరపత్రం అచ్చుకిచ్చి, ప్రెస్సు బయట అటూ ఇటూ తిరుగుతుండగా బాపు ఫోన్ చేశాడు. "మీ టీచరమ్మ పోయింది బిడ్డా. పొద్దున చాయ తాగి గోడకు ఒరిగిందట, అంతే. జల్దిన రా." కేతేపల్లి దిక్కు పోయే బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. ఏడుపు కంటే ముందు కోపమే వచ్చింది. గొర్ల డొంక పని సగంలో ఉంది. ఇప్పుడా పోవడం?

ఆమె బడిలో నాకు సాంఘికశాస్త్రం చెప్పింది. రిటైరయ్యాక బోర్లించిన తెల్లటి గిన్నెల్లాంటి, అరచేతిలో పట్టే రిసీవర్ల జత ఒకటి తెప్పించుకుంది. ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, మనం నిలబడ్డ చోటును వేలెడు తేడాతో చెప్పే పరికరం. పెద్ద కంపెనీల దగ్గరే ఉండే ఈ పనితనం ఇప్పుడు మామూలు ఫోను ధరకే మనబోటి వాళ్లకూ వస్తోందని చిన్నపిల్లలా సంబరపడింది. జతలో ఒకటి మేడ మీద, పిట్టగోడపై కదలకుండా ఉండాలి. రెండోదాన్ని కర్రకు కట్టుకుని తిరగాలి. ఉపగ్రహాల లెక్క ఎంత తప్పుతోందో మేడ మీదిది కనిపెట్టి కర్ర మీది దానికి చెబుతుంది. కర్ర మీది దీపం మిణుకుమంటే జాగా ఇంకా తేలలేదని, నిలకడగా వెలిగితే తేలిందని.

ఊళ్లో నవ్వారు. "పుట్టగొడుగు పట్టుకొని యాడికి టీచరమ్మా?" అనేవాళ్లు.

"నేను యాడున్ననో అడగనీకి పోతున్న" అనేది.

మా ఇంట్లో గొర్లే బతుకు. వాటిని కుంటకు తోలే డొంకను పక్క చేను పత్తి ఆసామి ఏటా ఒక్కో సాలు కలుపుకుంటూ దున్నేశాడు. నడి ఎండలో చుట్టూ తిరిగి పోలేక ఈనిన గొర్లు దారిలోనే కూలబడేవి. పోరాటాల మీద దొరికిన చిన్న పుస్తకాలన్నీ చదివి నేను ఊగిపోతున్న రోజులవి. "ఆయన చేన్ల కూసుందాం టీచర్, ఎట్ల లేపుతడో చూద్దాం" అన్నాను.

"నీ కోపానికి హద్దు యాడుందో నీకే ఎరుక లేదు. డొంక హద్దు నేను చూపిస్త, ఆగు. ఇది సర్కారు కొలత గాదు. ఇద్దరు ఒప్పుకుంటేనే గీత."

డొంక రెండు కొసలా పాత హద్దురాళ్లు మిగిలి ఉన్నాయి. దసరాకు ముందే వాటి జాగాలు పట్టుకుంది. పండుగ తెల్లారి ఆ రెంటి నడుమ సున్నం పోసుకుంటూ పోయాం. మేం అనుకున్న దానికన్నా మూరెడు ఎక్కువే పత్తిలోకి పోయింది గీత. బాపు తలపాగా విప్పి గాలిలో తిప్పాడు. నేను గొంతు పోయేలా అరిచాను.

పని ముగించాక వాకిట్లో బోరింగు గద్దె మూల మీద కర్ర ఆనించి చూసుకోవడం ఆమె అలవాటు. ఎన్నడూ కదలని చోటు కదా. ఆ రోజు లెక్కలో బోరింగే మూరెడు జరిగింది! మేడ ఎక్కి చూస్తే పిట్టగోడ మీది తెల్లటి గిన్నెకు పసుపు, కుంకుమ, పైన ఒక బంతిపువ్వు. ఆయుధపూజ నాడు ఆమె అక్క దాన్ని దించి దేవుని ముందు పెట్టి, మళ్లీ తెచ్చి తోచిన కాడ పెట్టింది.

"పనిముట్టు గాదా ఏందే? కత్తిపీటకు పెట్టిన, కుట్టుమిషనుకు పెట్టిన, దీనికి వద్దా?" అంది అక్క.

టీచరమ్మ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "దేవునికి మొక్కించినవు గని అక్కా, దాని జాగల దాన్ని పెట్టకపోతివి!"

"ఊకోండ్రి టీచర్" అన్నాను నేను. "ఎవ్వరికి ఎరుక? తప్పు మనకే లాభమాయె."

నవ్వు ఆగిపోయింది. "మనకు లాభమైన తప్పుకు, ఆయన దున్నిన సాలుకు ఏం ఫరక్ రా?"

అప్పటికప్పుడు ఆసామి ఇంటికి నడిచింది. వెనక నేను పళ్లు నూరుకుంటూ. "మా గీత తప్పింది. రేపు మల్ల గీస్తం. నువ్వు గూడ రా" అంది.

ఆయన మంచం మీద నుంచి లేచాడు. "తప్పిందని నీ అంతట నువ్వే చెప్తున్నవా టీచరమ్మా?"

"మరి నీ పత్తి చెప్తదా?"

మర్నాటి నుంచి ఆయన గడ్డపారతో వచ్చాడు. దీపం నిలిచిన కాడ తనే గుంత తీసి రాయి పాతాడు. కుంటకు దిగే ముక్క ఒక్కటే మిగిలింది. ఎక్కువ దున్నింది అక్కడే; నల్లగొండలో నేను అచ్చుకిచ్చిన కరపత్రం దాని మీదే. ఇంతలో ఆమె పోయింది.

దినాలయ్యాక అక్క కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది. "గోడకు గట్లనే ఆనించి ఉంటె చూడలేకపోతున్న, తీస్కపో. మేడ మీదిది నేను ముట్టుకోలె."

డొంకలో ఆసామి అప్పటికే నిలబడి ఉన్నాడు. "ఇగ నీ ఇష్టమొచ్చిన కాడ పెడ్తవేమో" అన్నాడు. కర్ర ఆనించాను. దీపం మిణుకుమంది. వెనక గొర్లు ఒకదానినొకటి తోసుకుంటున్నాయి. "ఇంకెంతసేపురా?" అని బాపు అరుస్తున్నాడు. ఒక్క చోట నిలబడటం నాకెన్నడూ చేతకాలేదు. కర్ర వంగితే కొలతా వంగుతుందని రెండు చేతులతో బిగబట్టాను.

దీపం నిలిచింది. కరపత్రంలో నేను రాయించినంత లోపలికి కాదు, అయినా పత్తిలోనే. "గీడ" అన్నాను. ఆసామి గడ్డపార ఎత్తాడు.

గొర్లు నన్ను రాసుకుంటూ కుంటవైపు దిగిపోయాయి. కర్ర వదల్లేక అక్కడే ఉండిపోయాను. దూరాన ఆమె మేడ, పిట్టగోడ మీద తెల్లటి గిన్నె కనిపిస్తున్నాయి. ఇంత దూరం నుంచి పసుపు కనపడదు. ఉందని తెలుసు.